తరుగుదల లెక్కలో ఏ ఆస్తి ఏ గంపలో: జీడి యూనిట్లు, మిల్లులు, లారీల యజమానులకు

పలాసలో జీడిపప్పు యూనిట్ అయినా, రాజాం వైపు జ్యూట్ మిల్లు అయినా, పల్లెలో రైస్ మిల్లు అయినా ఆదాయపు పన్ను లెక్క దగ్గర జరిగే తప్పు ఒకటే. ఏడాది పొడవునా కొన్నవన్నీ ‘మెషినరీ’ అనే ఒకే ఖాతాలో రాసేస్తారు. సెప్టెంబరులో ఆడిట్ గడువు ముంచుకొచ్చాక బిల్లుల కట్ట ఆడిటరు గారి బల్ల మీద పెడతారు. ఏ బిల్లు షెడ్డుది, ఏది బాయిలర్‌ది, ఏ మెషీన్ ఏ రోజు తిరగడం మొదలైందో అప్పటికి గుమాస్తాకీ గుర్తుండదు. ఆడిటరు మాత్రం ఏం చేస్తారు? అన్నిటికీ 15 శాతం తరుగుదల (వాడకంతో ఆస్తి విలువ తగ్గినందుకు ఏటా ఖర్చుగా తీసేసే భాగం) వేసి ముగిస్తారు. 40 శాతం రావాల్సిన దానికి 15 వస్తుంది, 10 శాతం రావాల్సిన దానికి 15 పడుతుంది. మొదటిది మీకు నష్టం. రెండోది పన్ను అధికారి కంట పడితే వడ్డీతో కలిపి కట్టాల్సిన బాకీ. అందుకే ఈ పని బిల్లు చేతికొచ్చిన రోజే చేయాలి.

ఇక్కడ చెప్పే సెక్షన్లు 1961 చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 ఆదాయపు పన్ను చట్టంలో నంబర్లు మారాయి. ఆస్తులను బ్లాకులుగా చూసే పద్ధతి మాత్రం అలాగే ఉంది.

గంప ఎలా ఏర్పడుతుంది

ఒక్కో యంత్రానికి విడిగా తరుగుదల కట్టే పద్ధతి మన పన్ను చట్టంలో లేదు. ఒకే తరగతికి చెంది, ఒకే రేటు ఉన్న ఆస్తులన్నీ కలిపి ఒక బ్లాక్. గంప అనుకుంటే సులువు. తరగతులు నాలుగు: భవనాలు, ఫర్నిచర్‌తో పాటు ఫిట్టింగులు, యంత్రాలు-ప్లాంటు, పేటెంటు ట్రేడ్‌మార్కు లాంటి కంటికి కనిపించని హక్కులు. తరగతీ కలవాలి, రేటూ కలవాలి. ఫ్యాక్టరీ భవనానికి 10 శాతమే, ఆఫీసు కుర్చీకి 10 శాతమే, అయినా రెండూ ఒక గంపలో పడవు. 15 శాతం యంత్రం, 40 శాతం యంత్రం రెండూ యంత్రాలే, అవీ వేర్వేరు గంపలే.

ఎక్కువగా అవసరపడే రేట్లు ఇవి. నివాస భవనానికి 5, ఫ్యాక్టరీ, గోడౌన్, ఆఫీసు లాంటి వాటికి 10, చెక్కతో వేసిన పూర్తిగా తాత్కాలికమైన కట్టడాలకు 40. ఫర్నిచర్, ఎలక్ట్రికల్ ఫిట్టింగులకు 10. మామూలు యంత్రాలకు, సొంత వ్యాపారానికి వాడే కార్లకు 15. కిరాయికి తిప్పే లారీలు, బస్సులు, ట్యాక్సీలకు 30. కంప్యూటర్లు, సాఫ్ట్‌వేర్‌కు 40. కంటికి కనిపించని హక్కులకు 25, అందులో గుడ్‌విల్ మాత్రం 2021 ఫైనాన్స్ చట్టంతో బయటికి పోయింది. ఇప్పుడు అత్యధిక రేటు 40. 60, 80, 100 శాతం అని ఎవరైనా చెబితే అది పాత కాలం మాట.

భూమికి తరుగుదల లేదు. షెడ్డుతో సహా స్థలం కొన్నప్పుడు దస్తావేజులో ఒకే మొత్తం ఉంటే, భూమి విలువెంతో భవనం విలువెంతో విడగొట్టి, దానికి వాల్యూయర్ కాగితం పెట్టుకోండి. ఆ కాగితం లేకపోతే మొత్తం సొమ్ముకు తరుగుదల వేశారన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది.

కాంట్రాక్టరు ఒకే బిల్లు ఇచ్చినప్పుడు

తేడాలొచ్చేది ఇక్కడే. షెడ్డు, కరెంటు పని, బాయిలర్ బిగింపు అన్నీ కలిపి ఒక కాంట్రాక్టరుకు అప్పగిస్తే ‘యూనిట్ నిర్మాణం, టర్న్‌కీ’ అని ఒకే వరుసలో బిల్లు వస్తుంది. దాన్ని అలా తీసుకోవద్దు. చెల్లించే ముందే పనుల వారీగా విడదీసి రాసిమ్మని అడగండి. డబ్బు చేతిలో పడ్డాక ఆయన ఆ పని చేయడు.

విడదీసేటప్పుడు సివిల్ పని మొదట తీయండి. షెడ్డు, గోడౌన్, ప్రహరీ భవనాల్లోకి వెళ్తాయి. ఆవరణలోని రోడ్డు, కల్వర్టు, బావి, బోరు కూడా నిబంధనల ప్రకారం భవనాలే. బోరు మీద బిగించిన మోటారు పంపు మాత్రం యంత్రం. కాబట్టి బోరు తవ్వకం బిల్లు, పంపుసెట్టు బిల్లు వేరుగా ఉండాలి. ధాన్యం ఎండబెట్టే సిమెంటు కళ్ళాన్ని రోడ్డులాగే చూసి 10 శాతంలో వేయడం నిలబడే లెక్క.

యంత్రం కింద వేసిన కాంక్రీటు దిమ్మ భవనం కాదు. ఆ యంత్రం కోసమే వేశారు, అది తీసేస్తే దిమ్మకు పని లేదు, అందుకే ఆ ఖర్చు యంత్రం ధరలో కలుస్తుంది. బాయిలర్ చిమ్నీ, ఆవిరి పైపులు, వేబ్రిడ్జి దిమ్మ అన్నీ ఇంతే. ప్రశ్న ఒక్కటే వేసుకోండి: ఈ వస్తువు పని చేస్తుందా, పని జరిగే చోటును ఇస్తుందా? చోటును ఇచ్చేది భవనం, పని చేసేది ప్లాంటు. ప్లాంటు అనే మాట చట్టంలో చాలా విశాలం. పడవలు, వాహనాలు, పుస్తకాలు, శస్త్రచికిత్స పరికరాలు కూడా అందులోకే వస్తాయి. భవనాలు, ఫర్నిచర్, ఫిట్టింగులు మాత్రం రావు.

కరెంటు పని ఇంకో చిక్కు. ట్రాన్స్‌ఫార్మర్, మెయిన్ ప్యానెల్, అక్కడి నుంచి మోటార్ల దాకా వెళ్లే కేబుల్ యంత్రాల వైపు, 15 శాతం. షెడ్డులో లైట్లు, స్విచ్చులు, సాకెట్లు, వైరింగు, ఫ్యాన్లు ఎలక్ట్రికల్ ఫిట్టింగులు, 10 శాతం. ఎలక్ట్రీషియన్ ఒకడే, బిల్లూ ఒకటే, అయినా రెండు గంపలు. విద్యుత్ సంస్థకు కట్టిన డిపాజిట్ తిరిగొచ్చే సొమ్ము, దాన్ని ఆస్తి ధరలో కలపకూడదు. లైను వేయడానికి కట్టిన చార్జీలూ యంత్రాల్లో కలపొద్దు, ఎందుకంటే లైను సంస్థదే. అది ఆ ఏడాది ఖర్చుగా చెల్లుతుందేమో ఆడిటరుతో మాట్లాడాలి.

ఆర్కిటెక్టు ఫీజు, కూలీ ఖర్చు, ట్రయల్ రన్‌కు కాలిన డీజిలు లాంటి ఉమ్మడి ఖర్చులను ఆయా ఆస్తుల ధరల నిష్పత్తిలో పంచండి. రవాణా చార్జీ, బిగింపు ఖర్చు నేరుగా ఏ యంత్రానికి సంబంధించినవో దానికే చేర్చాలి.

జీడి యూనిట్లో ఎక్కడెక్కడ తడబడతారు

పిక్కలు ఉడకబెట్టే కుక్కర్, బాయిలర్, కటింగ్ మెషీన్లు, డ్రయ్యరు, పీలింగ్ మెషీన్, కలర్ సార్టర్, ప్యాకింగ్ మెషీన్ అన్నీ 15 శాతం గంపే. కలర్ సార్టర్‌లో కెమెరా, కంప్యూటరు బోర్డు ఉంటాయి కాబట్టి 40 వేయొచ్చని కొందరు అంటారు, కుదరదు. అది పప్పు ఏరే యంత్రం, లోపల కంప్యూటరు ఉన్నంత మాత్రాన కంప్యూటరు అయిపోదు. ఆఫీసులో బిల్లింగ్ సిస్టమ్, దానికి తగిలించిన ప్రింటరు, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం 40. సీసీ కెమెరాలు, ఫోన్లు, కాటాలు 15.

గ్రేడింగ్ బల్లల దగ్గర కాస్త ఆలోచించాలి. కన్వేయరు బెల్టుకు జోడించిన బల్ల యంత్రంలో భాగం. మామూలు చెక్క, స్టీలు బల్ల ఫర్నిచర్. ట్రేలు, గోనె సంచులు, టిన్నులు ఆస్తులే కాదు, ఆ ఏడాది ఖర్చు. రైస్ మిల్లులో షెల్లర్ రబ్బరు రోలర్లు కూడా అంతే. కొన్ని వారాల్లో అరిగిపోయే వాటిని ఆస్తిగా చూపి ఏళ్ల తరబడి తరుగుదల వేసుకుంటూ పోవడం మీ సొమ్ము మీరే వాయిదా వేసుకోవడం.

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంది. 40 శాతం పట్టికలో ‘ఫ్లోర్ మిల్లు రోలర్లు’ అని ఉంది. అది గోధుమ పిండి మిల్లు ఇనుప రోలర్ల గురించి. రైస్ మిల్లు యజమానులు ఆ వరుస చూపించి మిల్లు మొత్తానికి 40 అడగడం కుదరదు.

40 శాతం పట్టిక చదివి తీరాలి

ఈ పట్టికలో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు పనికొచ్చేవి చాలానే ఉన్నాయి. చదవనివాళ్లే ఎక్కువ.

షెడ్డు పైకప్పు మీద సోలార్ ప్యానెళ్లు 40. వాటిని మిల్లు యంత్రాల ఖాతాలో కలిపేస్తే ఏటా నష్టమే. బాయిలర్లలో ఫ్లూయిడైజ్డ్ బెడ్ రకానికి ఇంధన పొదుపు పరికరాల కింద 40 ఉంది. జీడి తొక్క, ఊక మండించే మామూలు గ్రేట్ (ఇనుప జాలీ) బాయిలర్‌కు లేదు. బాయిలర్ కొనేటప్పుడు రకం పేరు బిల్లు మీద స్పష్టంగా రాయించండి. ‘బాయిలర్, 2 టన్నులు’ అని మాత్రమే ఉంటే తర్వాత వాదించడానికి ఏమీ ఉండదు.

నౌపడ ఉప్పు మడుల వారికి ఒక వరుస ప్రత్యేకంగా ఉంది. మట్టి, ఇసుక, బంకమట్టితో చేసిన ఉప్పు మడులు, నీటి నిల్వ గుంటలు, కండెన్సర్లకు 40. భూమికి రాదు, దాని మీద చేసిన మడికి వస్తుంది. అందుకే మడి తయారీకి అయిన కూలీ, ట్రాక్టరు ఖర్చు విడిగా రాసుకోవాలి. టెక్కలి వైపు గ్రానైట్ క్వారీల్లో టబ్బులు, వైండింగ్ తాళ్లు, హాలేజ్ తాళ్లు 40. కంప్రెసరు, సొంతానికి వాడే ఎక్స్‌కవేటర్ 15. పైడిభీమవరం చుట్టుపక్కల పరిశ్రమల్లో మురుగునీటి శుద్ధి, గాలి కాలుష్య నివారణ పరికరాల్లో పట్టికలో పేరున్న వాటికే 40. శుద్ధి ప్లాంటు మొత్తాన్ని ఒకే అంశంగా వేయకుండా పరికరాల వారీగా పేర్లు సరిచూడాలి.

లారీలు

లారీ రేటును నిర్ణయించేది దాని పని. కిరాయికి తిప్పే వ్యాపారంలో ఉంటే 30. మీ మిల్లు ధాన్యం, మీ పప్పు డబ్బాలు మోసుకోవడానికే అయితే 15. ఏడాదిలో నాలుగు కిరాయిలు వేసినంత మాత్రాన 30 రాదు. కిరాయి వ్యాపారమే అని చూపించే ట్రిప్ షీట్లు, బిల్లులు, పర్మిటు ఉండాలి. ఇలాంటి లారీలు రెండు రకాలూ ఉంటే అవి రెండు గంపలు.

సాలూరు, బొబ్బిలి వైపు చిన్న లారీ యజమానులు చాలామంది వాహనానికి నెలకు ఇంత ఆదాయమని అంచనాగా చూపే 44ఏఈ సెక్షన్ కింద లెక్క కడతారు. ఏడాదిలో ఎప్పుడూ 10 సరుకు వాహనాలకు మించి లేనివారికి ఇది. మామూలు వాహనానికి నెలకు రూ. 7,500, 12 టన్నులు దాటిన భారీ వాహనానికి టన్నుకు నెలకు రూ. 1,000 చొప్పున ఆదాయం. తరుగుదల అందులోనే కలిసిపోయింది. అమ్మకాల్లో ఇంత శాతం లాభమని చూపే 44ఏడీ సెక్షన్ కింద చిన్న వ్యాపారులకూ అంతే. తరుగుదల విడిగా అడగలేకపోయినా ఆస్తి విలువ మాత్రం ప్రతి ఏడాదీ తగ్గినట్టే లెక్క. మూడేళ్ల తర్వాత మామూలు లెక్కకు మారితే కొన్న ధర నుంచి మొదలుపెట్టకూడదు, మూడేళ్ల తరుగుదల తీసేసిన విలువ నుంచే మొదలుపెట్టాలి. మామూలు లెక్కలోనూ ఇదే సూత్రం: తరుగుదల అడిగినా అడగకపోయినా తగ్గుతుంది. ‘ఈ ఏడాది లాభం తక్కువ, తరుగుదల వచ్చే ఏడాదికి దాచుకుందాం’ అనేది చెల్లదు. లాభం చాలకపోతే మిగిలిన తరుగుదల ఎన్నేళ్లకైనా ముందుకు వెళ్తుంది, భయం లేదు.

ఎంతకు కొన్నాం, ఎప్పుడు తిరిగింది

ఆస్తి ధర అంటే బిల్లు మొత్తం కాదు. ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలు మీద కట్టిన జీఎస్టీని మీరు కట్టాల్సిన జీఎస్టీలో సర్దుకోవడం) తీసుకున్న జీఎస్టీని తీసేయాలి. ఆ జీఎస్టీ మీద క్రెడిట్, తరుగుదల రెండూ తీసుకుంటే జీఎస్టీ వాళ్లు క్రెడిట్ రద్దు చేస్తారు. ఒకే మనిషికి ఒకే రోజు రూ. 10,000 దాటి నగదు ఇచ్చి ఉంటే ఆ సొమ్ము ఆస్తి ధరలోకి రాదు, ఇది 2017-18 నుంచి. షెడ్డు కట్టేటప్పుడు మేస్త్రీకి, సెంట్రింగ్ వాళ్లకు శనివారం శనివారం చేతికిచ్చే డబ్బు దగ్గరే ఎక్కువమంది దొరికిపోతారు. యూపీఐ, బ్యాంకు బదిలీ చేస్తే సమస్యే ఉండదు.

సబ్సిడీ కూడా ధరలోంచి తగ్గాలి. చిన్న ఆహార శుద్ధి యూనిట్ల కోసం కేంద్రం పెట్టిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో అర్హమైన ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు వస్తాయి. 20 లక్షల యంత్రానికి 7 లక్షల సబ్సిడీ వస్తే తరుగుదలకు ధర 13 లక్షలే. సబ్సిడీ షెడ్డుకూ యంత్రానికీ కలిపి వస్తే నిష్పత్తి ప్రకారం పంచాలి. అప్పు మీద వడ్డీ, యంత్రం వాడకంలోకి వచ్చేదాకా ధరలో కలుస్తుంది. ఆ తర్వాతి వడ్డీ ఆ ఏడాది ఖర్చు.

ఇక తేదీ. కొన్న ఏడాదిలో 180 రోజుల కంటే తక్కువ వాడితే సగం రేటే. మామూలు సంవత్సరంలో అక్టోబరు 3 నాటికి వాడకంలోకి వచ్చినవాటికి పూర్తి రేటు, 4 నుంచి సగం. ఫిబ్రవరి 29 ఉన్న ఏడాది, అంటే 2027-28లో, అక్టోబరు 4 దాకా పూర్తి రేటు. మార్చి 28న బిల్లు చేయించి ఏప్రిల్ 10న ఆన్ చేస్తే ఆ మార్చి ముగిసిన ఏడాదికి ఏమీ రాదు, సగం కూడా రాదు. కొనడం కాదు, వాడటం ముఖ్యం. ఉద్దానంలో పిక్కల సీజను మార్చిలోనే మొదలవుతుంది కనుక ఈ తేదీ గొడవ జీడి యూనిట్లకు ఏటా తగులుతుంది. ట్రయల్ రన్ కూడా వాడకమేనని కోర్టులు ఒప్పుకున్న సందర్భాలున్నాయి. కంపెనీ ఇంజినీరు సంతకం చేసిన బిగింపు నివేదిక, ఆ రోజు ఉత్పత్తి రిజిస్టరులో వరుస, మీటరు రీడింగు, బాయిలర్‌కైతే తనిఖీ ధ్రువపత్రం ఫైల్లో ఉంచుకోండి.

ఒక లెక్క

పలాసలో ఒక భాగస్వామ్య యూనిట్, 2025-26. 15 శాతం గంపలో ఏప్రిల్ 1న మిగులు విలువ (అప్పటిదాకా వేసిన తరుగుదల పోగా మిగిలింది) 24,00,000. జులైలో కలర్ సార్టర్ బిల్లు 9,44,000, అందులో జీఎస్టీ 1,44,000 క్రెడిట్ తీసుకున్నారు. రవాణా, బిగింపు 20,000. కాబట్టి ధర 8,20,000. డిసెంబరు 10న ప్యాకింగ్ మెషీన్ 2,00,000. జనవరిలో పాత జనరేటరు 1,20,000కు అమ్మారు.

మొత్తం: 24,00,000 + 8,20,000 + 2,00,000 - 1,20,000 = 33,00,000. డిసెంబరు మెషీన్ 2,00,000కు 7.5 శాతం, 15,000. మిగిలిన 31,00,000కు 15 శాతం, 4,65,000. తరుగుదల 4,80,000, మార్చి 31న మిగులు 28,20,000. జనరేటరు అసలు ధరెంత, లాభమా నష్టమా అని ఎవరూ అడగరు. గంపలోంచి అమ్మకం సొమ్ము తీసేయడమే.

అమ్మిన సొమ్ము గంప విలువను మించితే ఆ మిగులు స్వల్పకాలిక మూలధన లాభం. గంపలో వస్తువే లేకుండా విలువ మిగిలితే స్వల్పకాలిక మూలధన నష్టం. ఉన్న ఒక్క లారీ అమ్మేసేవాళ్లు ఆ ఏడాది ముందే ఈ లెక్క వేసుకోవాలి.

తుపాను నష్టం సంగతి ఈ జిల్లాల్లో విడిగా చెప్పాలి. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ అప్పుడు షెడ్ల రేకులు లేచిపోయాయి. ఎగిరిపోయిన రేకుల స్థానంలో అలాంటి రేకులే వేస్తే మరమ్మతు, పూర్తిగా ఆ ఏడాది ఖర్చు. రేకులు తీసి శ్లాబు పోస్తే కొత్త ఆస్తి, 10 శాతం. పూర్తిగా పోయిన యంత్రానికి బీమా సొమ్ము, తుక్కు ధర గంపలోంచి తగ్గాలి. పోయిన యంత్రం విలువను విడిగా కొట్టేయాల్సిన పని లేదు.

అదనపు 20 శాతం

తయారీలో ఉన్నవారికి కొత్త యంత్రాల మీద కొన్న ఏడాది 20 శాతం అదనపు తరుగుదల ఉంది. సెకండ్‌హ్యాండ్ యంత్రాలకు, ఆఫీసు పరికరాలకు, రోడ్డు వాహనాలకు, ఆఫీసులో బిగించిన వాటికి రాదు. 180 రోజులు తక్కువైతే ఈ ఏడాది 10, మిగతా 10 వచ్చే ఏడాది. పైన చెప్పిన యూనిట్ అర్హమైతే సార్టర్‌పై 1,64,000, ప్యాకింగ్ మెషీన్‌పై ఈ ఏడాది 20,000 అదనం. ఆ మేరకు మిగులు కూడా తగ్గుతుంది. అర్హత తేల్చేది ‘తయారీ’ నిర్వచనం: పేరు, స్వభావం, ఉపయోగం వేరైన కొత్త వస్తువు రావాలి. జనపనార నుంచి గోనె సంచి వస్తే సందేహం లేదు. శుభ్రం చేసి గ్రేడు చేసి ప్యాకు చేసేవాళ్లు ఆడిటరుతో తేల్చుకోవాలి.

వ్యక్తి పేరున వ్యాపారం నడుపుతూ 115బీఏసీ సెక్షన్ కింద కొత్త పన్ను విధానంలో ఉంటే ఈ అదనం లేదు. భాగస్వామ్య సంస్థకు 115బీఏసీ వర్తించదు, కాబట్టి వాళ్లకు ఉంది. 22 శాతం పన్ను ఎంచుకున్న కంపెనీలకు లేదు. శ్రీకాకుళం, విజయనగరం వెనుకబడిన జిల్లాలుగా నోటిఫై అయ్యాయని 20కి బదులు 35 శాతం అదనపు తరుగుదల అడిగేవారు ఇంకా ఉన్నారు. ఆ వెసులుబాటు 2020 మార్చి 31 దాకా బిగించిన యంత్రాలకే.

రిజిస్టరులో ఒక్కో ఆస్తికి ఒక వరుస చాలు: బిల్లు నంబరు, తేదీ, వస్తువు పూర్తి పేరు, జీఎస్టీ లేని ధర, సబ్సిడీ, చెల్లించిన తీరు, వాడకంలోకి వచ్చిన తేదీ, దానికి రుజువు ఏ ఫైల్లో ఉందో, గంప. ఆడిట్ ఉన్నవారికి 3సీడీ ఫారం (పన్ను ఆడిట్ వివరాల పత్రం)లో తరుగుదల అంశం, రిటర్నులో యంత్రాల పట్టిక, ఇతర ఆస్తుల పట్టిక ఈ వరుసల నుంచే నిండుతాయి. కంపెనీలైతే కంపెనీల చట్టం కింద ఆయుష్షు ప్రకారం వేసే తరుగుదల వేరే లెక్క, దాన్ని ఈ రిజిస్టరులో కలపకుండా ఇంకో పుస్తకం పెట్టుకోవాలి.